ఇంజినీరింగ్ నాలుగేళ్ల డబ్బు లెక్క: వెబ్ ఆప్షన్ల రోజు నుంచి ఒరిజినల్స్ చేతికొచ్చే దాకా

నా మొదటి స్కాలర్‌షిప్ డబ్బు నాకు తెలియకుండానే వచ్చి, ఏడాదిన్నర పాటు ఒక ఖాతాలో పడి ఉంది. తొమ్మిదో తరగతిలో ఉండగా ఊళ్లో ఎవరో బ్యాంకు వాళ్లొచ్చి జీరో బ్యాలెన్స్ ఖాతా తెరిచి, ఆధార్ జత చేసి వెళ్లారు. పాస్‌బుక్ ఎప్పుడో పోయింది. నేను మాత్రం కాలేజీ పక్కన కొత్త ఖాతా తీసుకుని, దరఖాస్తులో దాని నంబరు రాసి, రోజూ బ్యాలెన్స్ చూసుకుంటూ కూర్చున్నాను. అదే సమయంలో మెస్ బిల్లు కోసం నాన్న ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చారు. మా డబ్బు మాకే ఉండగా వడ్డీ కట్టామన్నమాట.

నాలుగేళ్లలో ఇలాంటివి చాలా చూశాను. డబ్బు అసలే లేక ఇబ్బంది పడ్డవాళ్లు కొందరైతే, రావాల్సినది ఫలానా నెలలో రాక ఇరుక్కున్నవాళ్లు అంతకంటే ఎక్కువ. ధాన్యం డబ్బు డిసెంబరులో వస్తే కాలేజీ ఫీజు సెప్టెంబరులోనే అడుగుతారు. ప్రభుత్వం కట్టే ఫీజు, అంటే రీయింబర్స్‌మెంట్, ఎప్పుడొస్తుందో కాలేజీ వాళ్లకే తెలియదు. అందుకే ఈ మార్గదర్శిలో మొత్తాల కంటే తేదీల గురించే ఎక్కువ మాట్లాడతాను. ఉదాహరణలు ఎక్కువగా తెలంగాణవి, ఆంధ్రలో తేడా ఉన్నచోట చెబుతాను. ఇంజినీరింగ్ కాకుండా డిగ్రీ, ఫార్మసీ చదివేవాళ్లకూ చాలావరకు ఇదే దారి.

1. వెబ్ ఆప్షన్లు పెట్టేముందు పక్కన ఒక కాగితం పెట్టుకోండి

వెబ్ ఆప్షన్లంటే ప్రవేశ పరీక్ష ర్యాంకుతో కౌన్సెలింగ్‌లో కాలేజీలను వరుసగా ఎంచుకోవడం. కాలేజీ పేరు, బ్రాంచి, నిరుటి చివరి ర్యాంకు. అందరూ ఈ మూడు చూస్తారు. నాలుగో గడిగా 'నాలుగేళ్ల తేడా' అని రాసుకోండి. అంటే కాలేజీ ఫీజులోంచి ప్రభుత్వం ఇచ్చేది తీసేస్తే మీ ఇంటి నుంచి కట్టాల్సింది.

తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు కన్వీనర్ కోటా సీటుకు (కౌన్సెలింగ్‌లో వచ్చిన సీటుకు) పూర్తి ఫీజు ఇస్తారు. బీసీ, ఈబీసీలకు మాత్రం ఇంజినీరింగ్‌లో 10,000 లోపు ర్యాంకు వస్తేనే పూర్తి ఫీజు, ఆ పైన ర్యాంకులకు ఏడాదికి 35,000 దాకానే. ఆదాయ పరిమితి బీసీ, ఈబీసీలకు పల్లెల్లో 1.5 లక్షలు, పట్టణాల్లో 2 లక్షలు. ఎస్సీ, ఎస్టీలకు 2 లక్షలు. ఆంధ్రలో విద్యా దీవెన కాలంలో 2.5 లక్షల ఆదాయ పరిమితితో కన్వీనర్ సీట్లకు పూర్తి ఫీజు ఇచ్చారు. మొదట తల్లి ఖాతాలో వేసేవారు, 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ నేరుగా కాలేజీకే కట్టే పద్ధతికి వచ్చారు. పథకం పేరు ఏదైనా కాలేజీ ఆఫీసుల్లో వినిపించే మాటలు రెండే: ఫీజుకిచ్చేది ఆర్‌టీఎఫ్, హాస్టల్ ఖర్చుకిచ్చేది ఎంటీఎఫ్.

ఇప్పుడు లెక్క. బీసీ అమ్మాయి, ర్యాంకు 24,000. ఒక కాలేజీ ఫీజు 95,000, ఇంకోటి 60,000. మొదటిదాంట్లో ఏటా 60,000 మీ మీద పడుతుంది, నాలుగేళ్లకు 2,40,000. రెండోదాంట్లో ఏటా 25,000, నాలుగేళ్లకు లక్ష. తేడా 1,40,000. ఖరీదైన కాలేజీ వద్దని నేననను. కానీ ఆ 1,40,000 పెట్టి ఏం కొంటున్నామో అడగండి. హోర్డింగ్ మీద ప్యాకేజీ అంకె చూసి కాకుండా, ఆ కాలేజీలో మూడో ఏడాది చదివే నలుగురిని గేటు దగ్గర టీ కొట్లో కలిసి అడగండి. అరగంటలో తేలిపోతుంది.

మేనేజ్‌మెంట్ కోటా సీటుకు రీయింబర్స్‌మెంట్ రాదు. స్పాట్ అడ్మిషన్‌కూ రాదు. 'చేరండి, తర్వాత చూసుకుందాం' అని పీఆర్‌వో ఎంత తియ్యగా చెప్పినా రాదు. ఇంకో సంగతి: జేఈఈలో ఐఐటీ సీటు వస్తే ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు ట్యూషన్ ఫీజు పూర్తిగా మాఫీ. మిగతావాళ్లకు కుటుంబ ఆదాయం లక్షలోపైతే పూర్తిగా, లక్ష నుంచి 5 లక్షల మధ్యైతే మూడింట రెండొంతులు తగ్గిస్తారు. 'ఐఐటీ ఫీజు మనవల్ల కాదు' అని వదులుకున్న ఇళ్లు నాకు తెలుసు. లెక్క వేసుంటే పక్కూరి ప్రైవేటు కాలేజీ కంటే చవకే అయ్యేది.

2. కాగితాలు: అన్నిటి మీదా ఒకే పేరు

టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఒక్క అక్షరం, బ్యాంకులో అసలు ఇంటిపేరే లేదు. దరఖాస్తులు ఆగేది ఎక్కువగా ఇక్కడే. టెన్త్ మెమోనే ప్రమాణంగా పెట్టుకుని ఆధార్‌ను దానికి తగ్గట్టు సరిచేయించండి. మెమో మార్పించడం కంటే ఆధార్ మార్పించడం వంద రెట్లు సులువు. కౌన్సెలింగ్ మొదలు కాకముందే, అంటే ఇంటర్ పరీక్షలు ముగిసిన సెలవుల్లోనే ఈ పని చూసుకోండి.

కుల ధ్రువపత్రం, ఈ ఏడాది తీసుకున్న ఆదాయ ధ్రువపత్రం మీసేవలో (ఆంధ్రలో సచివాలయంలో) పెట్టి తహసీల్దారు ఆఫీసు నుంచి తెచ్చుకోవాలి. జూన్, జూలైల్లో అందరూ ఒకేసారి వస్తారు కాబట్టి వారంలో వచ్చేది నెల పడుతుంది. ఆధార్‌కు జత చేసిన ఫోన్ నంబరు నాన్నది కాకుండా మీదే ఉంటే మేలు, లేకపోతే ఓటీపీ కోసం ప్రతిసారీ పొలంలో ఉన్న మనిషికి ఫోన్ చేయాలి.

ఇక నన్ను ముంచిన విషయం. బ్యాంకులో ఆధార్ ఇచ్చి ఉండటం వేరు, ఎన్‌పీసీఐ మ్యాపింగ్ వేరు. ప్రభుత్వం ఆధార్ ద్వారా పంపే డబ్బు, మీరు దరఖాస్తులో ఏ ఖాతా రాసినా, మ్యాపింగ్‌లో ఉన్న ఒకే ఒక్క ఖాతాకు పోతుంది. ఆధార్ సైట్‌లోకి ఓటీపీతో వెళ్లి 'బ్యాంక్ సీడింగ్ స్టేటస్' చూస్తే ఏ బ్యాంకో తెలుస్తుంది. అది పాత ఖాతా అయితే, ఇప్పుడు వాడుతున్న బ్యాంకుకు వెళ్లి 'డీబీటీ కోసం ఆధార్ సీడింగ్ మార్చండి' అని ఫారం రాసివ్వండి. వారం ఆగి మళ్లీ చూడండి. ఈ ఐదు నిమిషాల పని నేను చేసి ఉంటే నాన్నకు ఆ మూడు రూపాయల వడ్డీ తప్పేది.

3. దరఖాస్తు: పంపడంతో సగమే అయినట్టు

దరఖాస్తు పెట్టే వెబ్‌సైటు తెలంగాణలో ఈపాస్, ఆంధ్రలో జ్ఞానభూమి. దరఖాస్తు నింపాక ఈపాస్‌లో బయోమెట్రిక్ వేలిముద్ర వేయాలి, ప్రింటుతో పాటు జిరాక్సులు కాలేజీ స్కాలర్‌షిప్ సెక్షన్‌లో ఇవ్వాలి, కాలేజీ దాన్ని పైకి పంపాలి. ఇందులో ఏది ఆగినా దరఖాస్తు అక్కడే ఉండిపోతుంది, మీకు ఎవరూ ఫోన్ చేసి చెప్పరు. కాబట్టి నెలకోసారి, ఒకటో తారీఖున, దరఖాస్తు నంబరుతో స్టేటస్ చూసి స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. కాలేజీ దగ్గరే రెండు నెలలుగా ఆగి ఉందని కనిపిస్తే ఆ స్క్రీన్‌షాట్ పట్టుకుని సెక్షన్‌కు వెళ్లండి. అక్కడుండే క్లర్కు సారుతో మర్యాదగా, కానీ వారం వారం మాట్లాడేవాడి ఫైలే కదులుతుంది. బాగుందో లేదో గానీ జరిగేది ఇదే.

రెండో ఏడాది నుంచి రెన్యువల్. ఇది దానంతటదే జరుగుతుందనుకుని వదిలేసి మా క్లాసులో ముగ్గురు ఒక ఏడాది మొత్తం పోగొట్టుకున్నారు.

హాజరు 75 శాతం ఉండాలి. జేఎన్‌టీయూ హైదరాబాద్ నిబంధనల్లో 65 నుంచి 75 మధ్య ఉంటే కారణం చూపి కాండొనేషన్ ఫీజు కట్టొచ్చు, 65 కంటే తగ్గితే డిటెయిన్, అంటే ఆ సెమిస్టర్ మళ్లీ చదవాలి. డిటెయిన్ అయితే పోయేది ఒక సెమిస్టర్ మాత్రమే కాదు, రెన్యువల్ ఆగుతుంది, హాస్టల్ ఖర్చు పెరుగుతుంది, లోను కాలమూ పెరుగుతుంది. బంక్ కొట్టే ముందు దాని ధర ఇంతుందని తెలిస్తే చాలు, తర్వాత మీ ఇష్టం.

రాష్ట్ర పథకంతో పాటు జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్ కూడా చూడండి. మొదట ఒకసారి పేరు నమోదు చేసుకుని ఓటీఆర్ నంబరు తీసుకోవాలి, తర్వాత ఏ పథకానికైనా అదే. మనవాళ్లకు పనికొచ్చే కేంద్ర పథకాలు ఇవి.

సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్: ఇంటర్‌లో మీ బోర్డులో మొదటి 20 శాతంలో ఉండి, కుటుంబ ఆదాయం 4.5 లక్షల లోపుంటే డిగ్రీ మొదటి మూడేళ్లు ఏటా 12,000, ఇంజినీరింగ్ నాలుగో ఏడాది 20,000. కానీ రాష్ట్ర ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకునేవాళ్లకు ఇది లేదు. ఆదాయం రాష్ట్ర పరిమితి దాటి 4.5 లక్షల లోపున్న ఇళ్లకు, అంటే చిన్న ప్రైవేటు ఉద్యోగులూ చిన్న కొట్లవాళ్లకూ, ఇది అచ్చంగా సరిపోతుంది. వాళ్లలో చాలామంది 'మాకేమీ రాదు' అనుకుని పోర్టలే తెరవరు.

ప్రగతి: సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ ఇచ్చేది, సాంకేతిక కోర్సుల్లో మొదటి ఏడాది చేరిన అమ్మాయిలకూ, డిప్లొమా చేసి నేరుగా రెండో ఏడాదిలో చేరినవాళ్లకూ ఏటా 50,000. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు, ఇంటికి ఇద్దరు అమ్మాయిల దాకా. 40 శాతం పైన వైకల్యం ఉన్నవాళ్లకు సక్షమ్ పేరుతో, తల్లిదండ్రులు లేని పిల్లలకు స్వనాథ్ పేరుతో ఇంతే మొత్తం. ఇక ఇంజినీరింగ్ కాకుండా బీఎస్సీలో మౌలిక శాస్త్రాలు చదువుతూ బోర్డులో మొదటి 1 శాతంలో ఉంటే ఇన్‌స్పైర్ కింద ఏడాదికి 80,000.

ఒక పథకం తీసుకుంటే ఇంకోటి తీసుకోకూడదన్న షరతు చాలాచోట్ల ఉంటుంది. రెండిటికీ దరఖాస్తు చేసి, రెండూ మంజూరైతే పెద్దది ఉంచుకుని రెండోది రాతపూర్వకంగా వదులుకోండి. రెండూ దాచి తీసుకుంటే తర్వాత వెనక్కి కట్టమంటారు.

4. పన్నెండు నెలల చిట్టా

ఇది అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు, ఇక్కడ కాస్త ఓపిగ్గా కూర్చోండి. మన 24,000 ర్యాంకు అమ్మాయినే తీసుకుందాం. సూర్యాపేట దగ్గర పల్లె, నాలుగెకరాల వరి, 95,000 ఫీజు కాలేజీలోనే చేరింది, ప్రైవేటు హాస్టల్. మొదటి ఏడాది ఖర్చు సుమారుగా:

ట్యూషన్ ఫీజు 95,000
స్పెషల్ ఫీజు, పరీక్ష ఫీజులు, రికార్డులు, ల్యాబ్ మాన్యువళ్లు 10,000
హాస్టల్ నెలకు 6,500 చొప్పున పది నెలలు 65,000
హాస్టల్ అడ్వాన్సు 5,000
ల్యాప్‌టాప్ 45,000
ఫోన్ రీచార్జి, టీలు, జిరాక్సులు, చిల్లర నెలకు 1,500 చొప్పున 15,000
బట్టలు, మందులు 7,000
ప్రయాణాలు 3,000

మొత్తం 2,45,000. ప్రయాణం తక్కువ రాశానని అనుకోకండి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. అబ్బాయిలైతే విద్యార్థి బస్ పాస్ ఖర్చు ఇక్కడ కలపాలి.

ఎదురుగా రాబడి రాయండి. ఇంటి నుంచి 1,10,000, విద్యా రుణం లక్ష, ఆర్‌టీఎఫ్ 35,000. మొత్తం 2,45,000. సరిపోయింది కదా? కాగితం మీద సరిపోయింది. ఇప్పుడు ఇదే లెక్కను నెలల వారీగా రాసి చూడండి.

ఆగస్టు, సెప్టెంబరు: అడ్మిషన్, ఫీజు, హాస్టల్ అడ్వాన్సు, ల్యాప్‌టాప్. ఏడాది ఖర్చులో సగానికి పైగా ఈ రెండు నెలల్లోనే. ఇంట్లో అప్పుడు ఏముంటుంది? నాట్లు వేసి, ఎరువులకు పెట్టి, చేతిలో ఏమీ లేని కాలం అది. వానాకాలం ధాన్యం నవంబరు, డిసెంబరుల్లో అమ్ముతారు, యాసంగి పంట ఏప్రిల్, మేలో. పత్తి ఇల్లయితే అక్టోబరు నుంచి విడతలుగా వస్తుంది. కూలి మీద బతికే ఇళ్లలో వారం వారం కొంచెం కొంచెం. సెమిస్టర్ పరీక్ష ఫీజుల నోటిఫికేషన్లు చలికాలంలో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి వస్తాయి, గడువు దాటితే లేటు ఫీజు మెట్లు మెట్లుగా పెరుగుతుంది.

ఇక ఆ 35,000? అది ఏ నెల గడిలో రాస్తారు? బిల్లులు ట్రెజరీలో నెలలూ, కొన్నిసార్లు ఏళ్లూ ఆగుతాయి. 2025 నవంబరులో తెలంగాణ ప్రైవేటు కాలేజీలు ఈ బకాయిల కోసమే బంద్ చేశాయి. నా సలహా కటువుగా ఉంటుంది: మొదటి ఏడాది చిట్టాలో ఆర్‌టీఎఫ్ గడిలో సున్నా రాయండి. ఎంటీఎఫ్ గడిలోనూ సున్నానే. వచ్చిన రోజు పండగ చేసుకోవచ్చు. రాని డబ్బును నమ్ముకుని నెల నెలా ఖర్చు రాసుకుంటే డిసెంబరుకే చిట్టా చిరిగిపోతుంది.

సున్నా రాయగానే 35,000 చిల్లు కనబడుతుంది. దాన్ని ముందే పూడ్చే దారులు మూడు. ల్యాప్‌టాప్ మొదటి సెమిస్టర్‌లో కొనకండి, కాలేజీ ల్యాబ్ సరిపోతుంది, ధాన్యం డబ్బొచ్చాక వాడిన మంచిది 25,000 లోపు దొరుకుతుంది. ఫీజు రెండు విడతల్లో కట్టడానికి చేరిన రోజే రాతపూర్వకంగా అడగండి, చేరాక అడిగితే వినరు. మూడోది, బ్యాంకు రుణాన్ని 1,00,000 బదులు 1,15,000కి మంజూరు చేయించుకోవడం. 20,000 ల్యాప్‌టాప్‌లో, 15,000 రుణంలో వస్తే చిల్లు పూడింది, విడతలు తేదీల చిక్కు తీరుస్తాయి. తర్వాత ఆర్‌టీఎఫ్ చేతికొస్తే తిరిగి రుణంలోనే వేయండి.

యూనివర్సిటీ హాస్టళ్లలో ఉండేవాళ్లకు ఇంకో చిక్కు: డివైడింగ్ సిస్టమ్. నెల ఖర్చంతా తిన్నవాళ్ల మీద పంచుతారు కాబట్టి బిల్లు నెల నెలా మారుతుంది. సెలవుకు ఊరెళ్లేటప్పుడు మెస్‌లో లీవ్ రాసి వెళ్లకపోతే తినని అన్నానికీ వాటా కట్టాలి. తెలంగాణ సంక్షేమ హాస్టళ్లలో కాలేజీ విద్యార్థుల డైట్ ఛార్జీలను 2024లో నెలకు 1,500 నుంచి 2,100 చేశారు. సీటు దొరికితే ప్రైవేటు హాస్టల్‌తో పోల్చి ఆలోచించకుండా తీసుకోండి, ఏడాదికి అరవై వేలు మిగులుతుంది.

5. విద్యా రుణం: భయపడాల్సినంతా, భయపడక్కర్లేనంతా

మన ఊళ్లలో వడ్డీ రూపాయల్లో చెబుతారు. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం, మూడు రూపాయలంటే 36. బ్యాంకు విద్యా రుణం 10 శాతం అనుకుంటే, అదే భాషలో నూటికి నెలకు 83 పైసలు. 'బ్యాంకు లోను వద్దురా, జైలు పాలవుతాం' అనే తాతలకు ఈ లెక్క చూపించండి.

బ్యాంకుల నమూనా పథకం ప్రకారం 4 లక్షల దాకా మీ వాటా కట్టనక్కర్లేదు. 7.5 లక్షల దాకా ఆస్తి తాకట్టు అడగకూడదు, దానికి కేంద్రం క్రెడిట్ గ్యారంటీ ఉంది. అయినా ఇల్లు, పొలం కాగితాలు అడిగే మేనేజర్లు ఉంటారు. అప్పుడు వాదించకండి, విద్యాలక్ష్మి పోర్టల్‌లో ఆన్‌లైన్‌గా దరఖాస్తు పెట్టండి. తిరస్కరిస్తే కారణం రాయాల్సి వస్తుంది కాబట్టి నోటిమాటగా తిప్పి పంపడం కష్టం. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి వేరు: ర్యాంకింగుల్లో ముందున్న సంస్థల్లో (మొదటి జాబితాలో 860) సీటొచ్చినవాళ్లకు తాకట్టూ హామీదారూ లేని రుణం, కుటుంబ ఆదాయం 8 లక్షల లోపుంటే 10 లక్షల దాకా రుణం మీద 3 శాతం వడ్డీ రాయితీ (ఏటా లక్షమందికి). మీ కాలేజీ ఆ జాబితాలో ఉందో లేదో పోర్టల్‌లోనే చూడొచ్చు.

లోను ఫీజుకే అనుకుంటారు. హాస్టల్, పుస్తకాలు, ల్యాప్‌టాప్, పరీక్ష ఫీజులు కూడా అందులో పెట్టొచ్చు. అందుకు కాలేజీ నుంచి నాలుగేళ్ల ఖర్చు వివరంగా రాసిన లెటర్ తీసుకోండి. లెటర్‌లో లేని ఖర్చుకు తర్వాత ఇవ్వరు.

కోర్సు నాలుగేళ్లు, ఆపైన ఒక ఏడాది కిస్తీ ఉండదు. కానీ వడ్డీ పెరుగుతూనే ఉంటుంది, జనం పొరబడేది ఇక్కడే. ఏటా 1,25,000 చొప్పున 5 లక్షలు 10 శాతానికి తీసుకున్నారనుకోండి. ఐదేళ్లయ్యేసరికి సాధారణ వడ్డీ 1,75,000 చేరి బాకీ 6,75,000 అవుతుంది. పదేళ్ల కిస్తీ నెలకు దాదాపు 8,920. అదే చదువుతుండగా వడ్డీ మాత్రం కట్టుకుంటూ వస్తే, మొదటి ఏడాది నెలకు 1,042, రెండో ఏడాది 2,083, మూడో ఏడాది 3,125, ఆపైన 4,167, చివరికి బాకీ 5 లక్షలే ఉండి కిస్తీ 6,608కి దిగుతుంది. ఇలా కట్టేవాళ్లకు చాలా బ్యాంకులు వడ్డీలో 1 శాతం తగ్గిస్తాయి కూడా. నాలుగేళ్లూ కట్టలేకపోతే మొదటి రెండేళ్లయినా కట్టండి, అప్పుడు తేలిక.

కుటుంబ ఆదాయం 4.5 లక్షల లోపుంటే ఆ ఐదేళ్ల వడ్డీ కేంద్రమే కట్టే పథకం ఉంది, సాంకేతిక, వృత్తి కోర్సులకు, న్యాక్ లేదా ఎన్‌బీఏ గుర్తింపున్న చోట. మన సూర్యాపేట అమ్మాయికి ఇది వర్తిస్తుంది. దీనికి నోడల్ బ్యాంకు కెనరా బ్యాంకు, కానీ క్లెయిమ్ పెట్టాల్సింది మీ బ్రాంచి. రుణం తీసుకునేటప్పుడే ఆదాయ ధ్రువపత్రం ఇచ్చి, 'వడ్డీ సబ్సిడీ కింద నమోదు చేయండి' అని దరఖాస్తు రాసి, ఆ కాపీ మీద బ్యాంకు ముద్ర వేయించుకోండి. ఏటా స్టేట్‌మెంట్ తీసి సబ్సిడీ జమైందో లేదో చూసుకోండి. మధ్యలో చదువు మానేస్తే ఇది పోతుంది.

తల్లో తండ్రో సహ రుణగ్రహీతగా సంతకం చేస్తారు కాబట్టి కిస్తీ తప్పితే వాళ్ల సిబిల్ స్కోరూ (బ్యాంకులు అప్పు ఇచ్చేముందు చూసే మార్కు) పడుతుంది, రేపు తమ్ముడి లోనుకు అది అడ్డమవుతుంది. ఉద్యోగంలో చేరాక, పాత ఆదాయపు పన్ను విధానంలో ఉంటే, కట్టిన వడ్డీ మొత్తానికి ఎనిమిదేళ్ల దాకా మినహాయింపు దొరుకుతుంది. కొత్త విధానంలో లేదు.

6. చేతిలో ఉండే చిల్లర

నెలకు 1,500 చిల్లర అన్నాను. అది ఎటు పోతుందో రాసి చూస్తే మీకే నవ్వొస్తుంది. మా గదిలో ఒక నెల రాశాం: టీలు, సమోసాలు 520, బర్త్‌డే చందాలు మూడు కలిపి 450. మూడు పుట్టినరోజులు! ఫ్రెషర్స్ డే, ట్రెడిషనల్ డే, లెక్చరర్ పెళ్లి గిఫ్టు, ఇండస్ట్రియల్ టూర్... కాదంటే పిసినారి అంటారు. ఏడాది మొదట్లోనే చందాల కోసమని రెండు వేలు విడిగా పెట్టుకుంటే మొహమాటమూ ఉండదు, చిట్టా కూడా చెడదు.

రెండు ఖాతాలు ఉంచుకోండి. ఇంటి డబ్బు, స్కాలర్‌షిప్, లోను వచ్చేది ఒకటి, దాన్ని ఫోన్ పేలోకి, గూగుల్ పేలోకి ఎక్కించకండి. రెండోదాంట్లోకి ఆదివారం ఆదివారం 350 రూపాయలు పంపుకుని, దాన్ని యూపీఐ లైట్‌లో వేసుకోండి, ఆటో టాప్‌అప్ ఆపేయండి. గురువారానికి అయిపోతే శుక్ర, శనివారాలు మెస్ టీయే గతి. మూడు వారాలకు చెయ్యి దానంతటదే అలవాటు పడుతుంది.

గది తీసుకుని నలుగురు కలిసి ఉండేవాళ్లకు రైస్ కుక్కర్‌లో అన్నం, కర్రీ పాయింట్ నుంచి కూర అన్నదే ఇప్పటికీ చవకైన దారి. కుక్కర్ ఎవరిది, గ్యాస్ ఎవరిది, అడ్వాన్సు ఎవరి పేరున ఉంది అన్నది మొదటి రోజే రాసుకోండి. గది ఖాళీ చేసే రోజు స్నేహాలు చెడేది వీటి దగ్గరే.

ఇక లోన్ యాప్‌లు. నా పక్క మంచం వాడు 3,000 తీసుకున్నాడు. ఖాతాలో పడింది 1,950, 'ప్రాసెసింగ్ ఫీజు' పోను. ఏడు రోజుల్లో 3,000 కట్టాలి. మన లెక్కలో చెబితే, నూటికి నెలకు రెండొందల రూపాయలు దాటిన వడ్డీ. కట్టలేక రెండో యాప్‌లో తీసుకున్నాడు, నెలలో నాలుగు యాప్‌లు, చివరికి వాడి ఫోన్‌లోని నంబర్లన్నిటికీ, వాళ్ల చెల్లికి కూడా, మార్ఫింగ్ ఫొటోలు వెళ్లాయి. అలాంటి పరిస్థితి వస్తే డబ్బు కట్టే ముందు సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఇంట్లో చెప్పండి. వాడు ఇంట్లో చెప్పిన రోజు వాళ్ల నాన్న ఒక్క మాటా అనలేదు, రాత్రి బస్సెక్కి వచ్చేశాడు. మూడు వారాలు భయపడింది ఈయన గురించేనా అనిపించింది.

7. డబ్బు రాలేదు, కాలేజీ ఫీజు అడుగుతోంది

హాల్ టికెట్ ఇచ్చే వారంలో ఇది తప్పక జరుగుతుంది. గుంపుగా వెళ్లి అరిచే ముందు ఒక్కరే వెళ్లి ప్రయత్నించండి. స్టేటస్ ప్రింటు, అందులో మంజూరైనట్టు ఉంటే మరీ మంచిది, దానితో పాటు 'ప్రభుత్వం నుంచి రానిపక్షంలో ఫలానా తేదీకి ఇంత కడతాను' అని తండ్రి సంతకంతో ఒక హామీపత్రం. ఎంతో కొంత చేతిలో పెట్టి అడిగితే హాల్ టికెట్ ఆపడం అరుదు.

ఆర్‌టీఎఫ్ భాగాన్ని కూడా మీ చేతే కట్టించుకుంటే రసీదు మీద 'ఆర్‌టీఎఫ్ బదులు' అని రాయించుకోవడం మరవకండి. మామూలు ట్యూషన్ ఫీజు రసీదైతే, తర్వాత ప్రభుత్వ డబ్బు వచ్చినప్పుడు మీ డబ్బు తిరిగి అడగడానికి చేతిలో ఏమీ ఉండదు.

చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు పరిశీలించి తిరిగి ఇచ్చేయాలని, అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. చాలా కాలేజీలు అయినా ఉంచుకుంటాయి. ఇచ్చేముందు అన్నీ రంగుల్లో స్కాన్ తీసుకోండి, ఇచ్చినట్టు జాబితా రాయించుకుని ముద్ర తీసుకోండి, టెన్త్, ఇంటర్ మెమోలు డిజిలాకర్‌లోకి తెచ్చుకోండి.

8. చివరి ఏడాది

క్యాంపస్ సెలక్షన్ రాగానే ఫోన్ ఈఎంఐలో కొనకండి. ఆఫర్ లెటర్‌కు, జాయినింగ్‌కు మధ్య ఏడాది గడిచిన బ్యాచ్‌లు ఉన్నాయి. 'ట్రైనింగ్ ఫీజు కడితే ఉద్యోగం' అనేవాళ్లకు రూపాయి ఇవ్వకండి. డబ్బు తీసుకునే ఉద్యోగం మన దగ్గర ఉద్యోగం కాదు, అమీర్‌పేటలో ఏ టీ కొట్టువాడినడిగినా చెబుతాడు.

ఏడో సెమిస్టర్‌లోనే అకౌంట్స్ సెక్షన్‌లో మీ పేరుమీద బాకీ ఎంతుందో రాతలో తీసుకోండి. ఆఖరి రోజు నో డ్యూస్ కోసం వెళ్తే, లైబ్రరీ పుస్తకం మొదలు రెండో ఏడాది ఆర్‌టీఎఫ్ దాకా అన్నీ ఒకేసారి బయటపడతాయి. కాషన్ డిపాజిట్, హాస్టల్ అడ్వాన్సు తిరిగి అడగడం మొహమాటపడి వదిలేసేవాళ్లే ఎక్కువ. అది మీ డబ్బు.

రసీదులన్నీ ఒకే ఫైల్లో, తేదీల వరుసలో పెట్టుకోండి. నా మూడో ఏడాది ఆర్‌టీఎఫ్ కోర్సు ముగిసిన ఎనిమిది నెలలకు కాలేజీకి చేరింది. సెలవు పెట్టి వెళ్లి, 'ఆర్‌టీఎఫ్ బదులు' అని రాసి ఉన్న పాత గులాబీ రంగు రసీదు కౌంటర్ మీద పెట్టాను. క్యాషియర్ దాన్ని రెండుసార్లు తిప్పి చూసి, 'ఇది ఇంకా దాచావా బాబూ' అంటూ చెక్కుబుక్ తీశాడు. ఆ సాయంత్రమే ఆ చెక్కు బ్యాంకులో వేశాను. సొమ్ము జమ అయిన రోజున లోను ఖాతాకు మళ్లించి, నాన్నకు ఫోన్ చేసి బాకీ ఎంత తగ్గిందో చెప్పాను.